చేపల గదికి ఏ తొట్టి? చెరువు కట్టను అడుగుదాం

హనుమకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు: "సార్, మా ఇంట్ల ఒక రూము ఖాళీగ ఉంది. గప్పీలు, బెట్టాలతోని పిల్లలు చేయించాలనుకుంటున్న. వంద లీటర్ల తొట్టి కొనాల్నా, రెండు వందలదా?"

గప్పీ, బెట్టా అంటే ఇళ్లలో పెంచుకునే చిన్న రంగుల చేపలు. లీటర్లు తర్వాత, ముందు ఎత్తెంతో చెప్పమన్నాను. ఎందుకో తెలియాలంటే వరంగల్ జిల్లాలోని పాకాల చెరువు కట్ట చూడాలి. పైన సన్నగా, అడుగున బాగా వెడల్పుగా ఉంటుంది. మట్టి జారకూడదన్నది ఒక కారణం, నీటి ఒత్తిడి ఇంకోటి. చెరువు ఎంత దూరం పరుచుకుందో కట్టకు అనవసరం. తనను ఆనుకున్న నీళ్లు ఎంత లోతున్నాయన్నదే దానికి లెక్క.

తొట్టి అద్దం మాత్రం పైనా కిందా ఒకే మందం. రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు నీళ్లున్న తొట్టిలో ముందు అద్దాన్ని నీళ్లు నెట్టే బలం, అంటే మొత్తం తోపు, సుమారు 28 కిలోల బరువుకు సమానం. పొడవును నాలుగడుగులు చేస్తే 57. పొడవు రెండడుగులే ఉంచి ఎత్తును రెండడుగులు చేస్తే 113! ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగింతలు. నా రెండడుగుల ఎత్తు తొట్టి ఒక రాత్రి కింది మూలలోనే అద్దాలను అతికించే సిలికాన్ వదిలేసింది. తెల్లారి గది నిండా నీళ్లు.

చేపకూ ఈ ఎత్తుతో లాభం తక్కువ. గాలిలోని ఆక్సిజన్ నీళ్లలోకి దిగేది పైముఖం నుంచే. 2×1×1 అడుగుల తొట్టిలో 57 లీటర్లు, రెండు చదరపు అడుగుల పైముఖం. అదే తొట్టిని నిలబెడితే నీళ్లు అంతే, పైముఖం సగం. ఇక మన ఎండలు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 35 దగ్గర 7 మాత్రమే. ఆ పది డిగ్రీల్లో చేప అవసరం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో చేపలు చచ్చిపోతే ఇంటి దిష్టి తీసుకుపోయాయని సరిపెట్టుకుంటారు. దయచేసి అలా వదిలేయకండి, ఎయిర్ పంప్ నడుస్తోందో లేదో చూడండి.

బెట్టాకు లోతు ఇంకా తక్కువ చాలు, ఐదారు అంగుళాలు. మగచేప నీటి పైన నురగ గూడు కడుతుంది. గసగసాలంత తెల్లటి గుడ్డు జారి కిందికి పడుతుంటే ఒక్క ఉదుటున వెళ్లి నోటితో అందుకుని, మళ్లీ బుడగల మధ్య పెడుతుంది. పొదిగాక పిల్లలు తోక కిందికి వేలాడుతూ గూటికి అంటుకుని ఉంటాయి. జారిన పిల్లనూ తండ్రే తెచ్చి పెడతాడు. నీళ్లు రెండడుగుల లోతుంటే ఆ తండ్రి తిరగాల్సిన దూరం ఊహించండి! మన కొర్రమీనులాగే బెట్టా కూడా పైకొచ్చి గాలి పీలుస్తుంది. కొన్ని వారాలకు పిల్లల్లో అలా గాలి పీల్చే అవయవం తయారయ్యాక పైముఖం దగ్గరగా ఉండటం వాటికీ సుఖం. నీటిపైన గాలి చల్లబడకుండా మూత వేయాలి.

ఏంజెల్ చేపకు మాత్రం ఎత్తు కావాలి, రెక్కలు నిలువుగా సాగుతాయి కాబట్టి. ఒకటిన్నర అడుగు ఇవ్వండి.

ఆ అబ్బాయికి చెప్పింది ఇదీ: గప్పీలకు 2×1×1 తొట్లు నాలుగు, తల్లి పిల్లల్ని తినకుండా దట్టంగా నాచు. పిల్లలు పెరగడానికి 3×1.5×1 ఒకటి, నిండితే 127 కిలోల నీళ్లు కాబట్టి ర్యాక్ అడుగు అరలో. బెట్టాకు వెడల్పాటి లోతులేని తొట్టి పై అరలో, అక్కడ వెచ్చగా ఉంటుంది. ఏప్రిల్ రాగానే దాన్ని కిందికి దించాలి.