సెప్సిస్‌కు ఒకే నిర్వచనం: వైద్య సంఘాల మూడు దశాబ్దాల ప్రయత్నం

ఐసీయూలో ఉన్న రోగికి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల తలెత్తే ప్రాణాపాయ స్థితి) వచ్చిందని డాక్టర్లు చెప్పినప్పుడు, ఆ మాటకు అన్ని ఆస్పత్రుల్లోనూ ఒకే అర్థం ఉంటుందని బంధువులు అనుకోవడం సహజం. 1990ల ఆరంభం వరకు అలాంటి ఉమ్మడి అర్థమే లేదు. ఒకచోట సెప్సిస్ అన్న స్థితినే మరోచోట సెప్టిసీమియా అనీ, ఇంకోచోట సెప్టిక్ సిండ్రోమ్ అనీ రాసేవారు. దానివల్ల ఒక ఔషధ పరీక్షలోని రోగులను మరో పరీక్షలోని వారితో పోల్చడం కష్టమయ్యేది.

ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1991 ఆగస్టులో అమెరికన్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్, సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ ఉమ్మడిగా సమావేశమయ్యాయి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటడం లేదా ఉష్ణోగ్రత 36 కంటే పడిపోవడం, గుండె నిమిషానికి 90 సార్లకు మించి కొట్టుకోవడం, శ్వాస 20 సార్లు దాటడం, తెల్ల రక్తకణాలు 12,000కు మించడం లేదా 4,000 కంటే తగ్గడం అనే నాలుగు లక్షణాల్లో కనీసం రెండు ఉండి, వాటికి ఇన్ఫెక్షన్ కారణమైతే దాన్ని సెప్సిస్‌గా పరిగణించాలని తీర్మానించాయి. మంచం పక్కనే తేల్చుకోగలిగినంత సులువు కావడంతో ఈ కొలమానం త్వరగా వ్యాపించింది. అయితే మామూలు ఫ్లూ జ్వరం కూడా దాని పరిధిలోకి వచ్చేది. 2001లో ఐరోపా క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్య) సంఘంతో కలిపి ఐదు సంఘాలు మళ్లీ కూర్చుని లక్షణాల జాబితాను పెంచాయి గానీ, మూల చట్రాన్ని మార్చలేదు.

మార్పు అవసరాన్ని బలంగా చాటింది 2015లో వెలువడిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల అధ్యయనం. ఇన్ఫెక్షన్‌తో అవయవాలు దెబ్బతిన్న ప్రతి ఎనిమిది మందిలో సుమారు ఒకరికి ఆ నాలుగింటిలో రెండు లక్షణాలు కూడా లేవని అది తేల్చింది. అంటే అత్యంత ప్రమాదంలో ఉన్నవారిలోనే కొందరిని పాత కొలమానం వదిలేస్తోంది.

2016 ఫిబ్రవరిలో అమెరికా, ఐరోపా క్రిటికల్ కేర్ సంఘాలు నియమించిన 19 మంది నిపుణుల బృందం మూడో నిర్వచనాన్ని ప్రకటించింది. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడంతో ప్రాణాపాయ స్థాయిలో అవయవాలు దెబ్బతినడమే సెప్సిస్ అని పేర్కొంది. అవయవాల పనితీరును కొలిచే సోఫా స్కోరు 2 లేదా అంతకు మించి పెరగడాన్ని ప్రమాణంగా తీసుకుంది. 'తీవ్ర సెప్సిస్' అనే విభజనను రద్దు చేసింది. 31 వైద్య సంఘాలు దీన్ని సమర్థించాయి. 1991 నాటి తొలి భాగస్వామి అయిన చెస్ట్ ఫిజీషియన్స్ సంఘం మాత్రం, అవయవాలు దెబ్బతినే వరకు ఆగితే చికిత్స ఆలస్యమవుతుందనే ఆందోళనతో, సమర్థన ఇవ్వలేదు. నా దృష్టిలో ఆ ఆందోళన న్యాయమైనదే. రక్తపరీక్షల ఫలితాలు వచ్చేలోగా రోగిని ముందుగా చూసేది క్యాజువాల్టీ డాక్టర్లే. అయినా నిర్వచనాన్ని రాసిన ఆ 19 మంది బృందం ప్రధానంగా క్రిటికల్ కేర్, అంటువ్యాధులు, శస్త్రచికిత్స, శ్వాసకోశ నిపుణులతోనే ఏర్పడింది.

పిల్లల విషయంలో పరిధి కొంత విస్తరించింది. పిల్లల్లో సెప్సిస్‌ను గుర్తించడానికి 2024 జనవరిలో ప్రకటించిన ఫీనిక్స్ ప్రమాణాలకు అమెరికాతో పాటు కొలంబియా, బంగ్లాదేశ్, చైనా, కెన్యా ఆస్పత్రుల రికార్డులనూ ఆధారంగా తీసుకున్నారు. పరీక్షా సౌకర్యాలు తక్కువగా ఉన్న వార్డుల అనుభవం నిర్వచనం రూపుదిద్దుకునే దశలోనే చేరడం ఈ ప్రమాణాలలోని ముఖ్యమైన మెరుగుదల.