గొంతులో లేని ఉండ

నీళ్లు తాగకుండా వరసగా ఐదుసార్లు గుటక వేసి చూడండి. మొదటి రెండూ సాఫీగా జారిపోతాయి. మూడోసారికి నోట్లో లాలాజలం అయిపోవస్తుంది. నాలుగోది మొరాయిస్తుంది. ఐదో గుటక వేసేసరికి గొంతు మధ్యలో ఏదో అడ్డం పడినట్లు అనిపిస్తుంది. అక్కడ ఏమీ లేదు. మింగడానికి ఏదీ లేకపోయినా కండరాలు బిగుసుకున్నాయి, అంతే.

ఈ భావన వారాలు, నెలలు వదలకపోతే వైద్యులు దాన్ని గ్లోబస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు గోళం అని అర్థం. కొందరికి ఉండలా, కొందరికి వెంట్రుకలా, ఇంకొందరికి మింగిన మాత్ర దిగకుండా అతుక్కున్నట్లు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ 100 మందిలో 45 మంది దాకా ఎప్పుడో ఒకప్పుడు దీన్ని చవిచూసినవారేనని సర్వేలు చెబుతున్నాయి.

దీని తీరు విచిత్రంగా ఉంటుంది. భోజనం చేస్తున్నంతసేపూ చాలామందికి ఆ అడ్డు తెలియనే తెలియదు. తినడం ముగిసిన కాసేపటికి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. నిజంగా గొంతులో గడ్డే ఉంటే ముందుగా ముద్ద ఆగాలి, ఆ తర్వాత నీళ్లు. ఇక్కడ అంతా తలకిందులు. ముద్ద హాయిగా దిగుతుంది, ఉత్త గుటకే అడ్డం పడుతుంది.

స్వరపేటిక అడుగున ఉంగరంలాంటి మృదులాస్థి ఒకటి ఉంది. దాని వెనక ఉండే కండరం అన్నవాహికకు పైతలుపు. ఊపిరి పీల్చినప్పుడు గాలి కడుపులోకి పోకుండా, కడుపులోనిది గొంతులోకి ఎగదన్నకుండా అది రోజంతా బిగిసే ఉంటుంది. మింగినప్పుడు మాత్రం అర సెకను పాటు తెరుచుకుంటుంది. మనసు ఒత్తిడికి లోనైనప్పుడు ఈ బిగువు ఇంకా పెరుగుతుంది. మన భాషకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. దుఃఖం పొంగుకొస్తే డగ్గుత్తిక పడిందంటాం, మాట పెగలకపోతే గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయిందంటాం. అయితే కారణం ఒత్తిడి ఒక్కటే కాదు. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం, ముక్కు వెనక నుంచి శ్లేష్మం జారడం, గొంతు ఎండిపోవడం కూడా దీనికి తోడవుతాయి.

ఒకప్పుడు దీని పేరు ‘గ్లోబస్ హిస్టెరికస్’. అంటే హిస్టీరియా ఉండ. ఆ పేరు ఎందరో స్త్రీల బాధను తేలికచేసి, ‘అంతా నీ ఊహే’ అని వెనక్కి పంపింది. అది అన్యాయం. ఈ రోగుల్లో ఎక్కువమందికి హిస్టీరియా లక్షణాలేవీ లేవని గమనించి, 1968లో మాల్కమ్‌సన్ అనే వైద్యుడు పేరులోంచి ఆ మాట తీసేసి, గొంతుకు సంబంధించినదని మాత్రమే తెలిపే పేరు సూచించాడు. ఉండ లేకపోవచ్చు, బాధ మాత్రం నిజం.

బాధను పెంచేది తరచూ మన చేతుల్లోని పనే. ఇంకా ఉందా, పోయిందా అని పదేపదే గుటక వేస్తాం, గొంతు సవరించుకుంటాం. మొదట్లో చేసిన ప్రయోగమే రోజంతా జరుగుతుంటుందన్నమాట. అలా అనిపించినప్పుడల్లా గుక్కెడు నీళ్లు తాగడం మేలు. గొంతు కండరాలను వదులు చేసే వ్యాయామాలను స్వర చికిత్సకులు నేర్పుతారు. ఛాతీలో మంట లేకుండానే నెలల తరబడి ఆమ్లం తగ్గించే మాత్రలు వాడటం మాత్రం నాకు సబబుగా తోచదు. వదలని గొంతు బాధలున్న 346 మందిపై బ్రిటన్‌లో జరిపిన పరీక్షలో, 16 వారాల తర్వాత ఆ మందు వాడినవారికీ ఉత్తుత్తి మాత్ర వాడినవారికీ తేడా కనిపించలేదు. ఆ ఫలితాలు 2021లో వెలువడ్డాయి.

ముద్ద నిజంగానే ఆగిపోతున్నా, మింగితే నొప్పి పుడుతున్నా, బరువు తగ్గుతున్నా, గొంతు బొంగురు మూడు వారాలైనా పోకపోయినా, బాధ ఒక పక్కనే ఉన్నా, మెడ మీద చేతికి గడ్డ తగిలినా అది వేరే సంగతి. పొగ, మద్యం అలవాటున్నవారు మరీ జాగ్రత్తపడాలి. వెంటనే చెవి, ముక్కు, గొంతు వైద్యులను కలవండి. ముక్కులోంచి సన్నని గొట్టం పంపి గొంతంతా చూడటానికి వారికి కొద్ది నిమిషాలు చాలు.