పీఆర్‌యూ ప్రోగ్రామింగ్: అపోహలు - వాస్తవాలు

బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న సింగిల్ బోర్డ్ కంప్యూటర్‌లోని ఏఎమ్335ఎక్స్ చిప్‌లో ప్రధాన ప్రాసెసర్‌తో పాటు రెండు పీఆర్‌యూలు (ప్రోగ్రామబుల్ రియల్‌టైమ్ యూనిట్లు) ఉంటాయి. ఇవి రియల్‌టైమ్ పనుల కోసమే, అంటే కచ్చితమైన సమయానికి జరగాల్సిన పనుల కోసమే ఉన్న చిన్న కోర్లు.

అపోహ: 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉండగా 200 మెగాహెర్ట్జ్ కోర్ ఎందుకు?

వాస్తవం: ఇక్కడ కావలసింది వేగం కాదు, నిలకడ. ప్రధాన ప్రాసెసర్ మీద నడిచే లినక్స్‌లో మన ప్రోగ్రామ్ బోర్డు పిన్ను స్థితిని మార్చబోయే క్షణంలోనే ఇంటరప్ట్ (మధ్యలో ఆపే సంకేతం) రావచ్చు, పనుల వరుసను నిర్ణయించే షెడ్యూలర్ మరో పనిని ముందుకు తేవచ్చు. పీఆర్‌యూలో ఆపరేటింగ్ సిస్టమ్ లేదు, క్యాష్ లేదు, పైప్‌లైన్ లేదు. రిజిస్టర్ల మీద నడిచే ఇన్‌స్ట్రక్షన్ ప్రతిసారీ 5 నానోసెకన్లే తీసుకుంటుంది. అవుట్‌పుట్ పిన్నులకు నేరుగా కలిసి ఉన్న ఆర్30 రిజిస్టర్‌లో బిట్ మారిస్తే పిన్ను మారుతుంది.

అపోహ: అయితే పీఆర్‌యూలో ఏ కోడ్ రాసినా టైమింగ్ దెబ్బతినదు.

వాస్తవం: కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. పీఆర్‌యూ తన 8 కేబీ డేటా ర్యామ్‌ను చదివితే ఎన్ని సైకిళ్లు పడతాయో ముందే లెక్కకట్టవచ్చు. బయటి డీడీఆర్‌ను (బోర్డు ప్రధాన మెమరీని) చదివితే మాత్రం ఆ లెక్క పోతుంది. చిప్‌లోని భాగాలన్నీ వాడే బస్ (డేటా మార్గం) మీదుగా జవాబు వచ్చేదాకా కోర్ ఆగిపోతుంది, ఎంతసేపన్నది అప్పటి రద్దీని బట్టి ఉంటుంది. మెమరీలోకి రాసేటప్పుడు సాధారణంగా ఇంత ఆలస్యం ఉండదు, ఎందుకంటే పంపేసి ముందుకు సాగిపోవచ్చు. ఆసిలోస్కోప్‌లో పల్స్ అంచు అప్పుడప్పుడూ జారుతుంటే నేను మొదట వెతికేది లూపులో డీడీఆర్ రీడ్ ఉందా అని. ఉంటే ఆ డేటాను లినక్స్ వైపు నుంచే రెండు పీఆర్‌యూలూ పంచుకునే 12 కేబీ షేర్డ్ ర్యామ్‌లో పెట్టించండి.

అపోహ: అసెంబ్లీ రాకపోతే కుదరదు.

కుదురుతుంది. సీ భాషలో రాయడానికి చిప్ తయారీదారు టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) కంపైలర్ ఉంది, ఓపెన్ సోర్స్ కంపైలర్ జీసీసీ కూడా ఉంది. ఒక్కో కోర్‌కు ఇన్‌స్ట్రక్షన్ మెమరీ 8 కేబీయే, అంటే 2048 ఇన్‌స్ట్రక్షన్లు. హార్డ్‌వేర్ ఫ్లోటింగ్ పాయింట్ లేదు కాబట్టి లూపులో దశాంశ లెక్కలు పెట్టకండి.

అపోహ: పిన్ను కదలకపోతే కోడ్‌లోనే తప్పుంది.

వాస్తవం: చాలాసార్లు తప్పు పిన్‌మక్స్‌లో, అంటే ఏ పిన్ను ఏ పని చేయాలో నిర్ణయించే అమరికలో ఉంటుంది. ఫర్మ్‌వేర్‌ను (మన పీఆర్‌యూ ప్రోగ్రామ్‌ను) లినక్స్‌లోని రిమోట్‌ప్రాక్ వ్యవస్థ ఏ లోపమూ చూపకుండా లోడ్ చేస్తుంది, కోర్ పరిగెడుతుంది, పిన్ను మాత్రం వేరే పనికే కట్టుబడి ఉంటుంది. బోర్డు మీది రెండు పిన్నుల వరుసల్లో (హెడర్లలో) ఒకటైన పీ8లో, రెండో పీఆర్‌యూ అయిన పీఆర్‌యూ1కు పనికొచ్చే చాలా పిన్నులను హెచ్‌డీఎమ్‌ఐ వాడుకుంటుంది. మొదటి ప్రయోగానికి పీ9_27 (పీ9 హెడర్‌లో 27వ పిన్ను) తీసుకోండి. దాన్ని కాన్ఫిగ్-పిన్ కమాండ్‌తో పీఆర్‌యూ అవుట్‌పుట్‌గా మార్చి, పీఆర్‌యూ0లో ఆర్30 5వ బిట్‌ను ఆన్, ఆఫ్ చేసి చూడండి.