పాకం చెట్టు మీదే మొదలవుతుంది

ఒకే కొలతలతో, ఒకే పొయ్యి మీద చేసిన నువ్వుల చిక్కీ ఒకసారి పెళుసుగా విరిగి, మరొకసారి పళ్లకు అంటుకుపోవడానికి కారణమేమిటని చాలామంది అడుగుతుంటారు. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవిలో కారోబ్ చెట్టు కాయల పాకంతో చేసే మిఠాయిలను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు ఎంతో స్పష్టమైన సమాధానం దొరుకుతుంది. అక్కడి అనోయిరా గ్రామంలో ఆ పాకాన్ని బాగా ముదరనిచ్చి, చల్లారుతున్న ముద్దను చేతులతో సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి పస్తేలి అనే మిఠాయి చేస్తారు. మన తిరునాళ్లలో అమ్మే నువ్వుల జీళ్లకు బెల్లం పాకాన్ని మేకుకు తగిలించి లాగే పద్ధతికి ఇది సొంత చెల్లెలు. లాగిన కొద్దీ ముదురు రంగు ముద్దలో సన్నని గాలి బుడగలు చిక్కుకుని వెలుతురును చెదరగొట్టడం వల్ల అది బంగారు వన్నెకు తిరుగుతుంది. ఇదే పాకంలో వేయించిన నువ్వులు కలిపి బిళ్ళలుగా కోయడం కూడా ఉంది.

గట్టిపడిన పాకం నిజానికి గాజు. అందులో చక్కెర అణువులు స్ఫటికంలో లాగా వరుస కట్టే వ్యవధి లేకుండా, ద్రవంలో ఉన్న గందరగోళంలోనే బిగిసిపోతాయి. పాఠశాలల్లో గాజు స్థితిని కిటికీ అద్దంతో చెప్పి వదిలేయడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది, ఎందుకంటే పళ్లెంలో నీళ్లు పోసి పాకపు చుక్క వేసి చూపిస్తే పిల్లలకు ఆ మార్పు కళ్ల ముందే జరుగుతుంది. ప్రతి గాజుకూ అది మెత్తబడే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది. మామూలు పంచదార అయిన, తేమ లేని సుక్రోజ్‌కు అది 60 డిగ్రీల సెల్సియస్ పైన, గ్లూకోజ్‌కు సుమారు 30 డిగ్రీల దగ్గర, ఫ్రక్టోజ్‌కైతే గది వేడి కంటే ఎంతో కింద ఉంటుంది. నీరు చేరిన కొద్దీ ఈ అంకెలు ఇంకా కిందికి దిగుతాయి. పాకాన్ని 150 డిగ్రీల వరకు మరిగిస్తే అందులో నీరు ఒక శాతం దగ్గరకు తగ్గుతుంది కాబట్టి చల్లారాక అది టంగుమని మోగే గాజు అవుతుంది. 120 డిగ్రీల దగ్గరే దించితే ఇంకా పది శాతం దగ్గర నీరు మిగిలి, ఉండకట్టే మెత్తని ముద్ద వస్తుంది.

అయితే ఉష్ణోగ్రత సరిగ్గా ఉన్నా బిళ్ళ జిగటగా మారవచ్చు. సుక్రోజ్ విడిపోతే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ వస్తాయి. ఇవి కొద్దిగా ఉంటే మేలే, ఎందుకంటే అవి సుక్రోజ్ అణువులను వరుస కట్టనివ్వక పాకం గరుకుగా పలుకుకట్టకుండా కాపాడతాయి. మోతాదు మించితే ఫ్రక్టోజ్ గాజు మెత్తబడే స్థాయిని కిందికి లాగడమే కాక గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. ఉప్పుగాలి వీచే ఊళ్లో అటువంటి బిళ్ళ సాయంత్రానికే చెమ్మగిల్లుతుంది.

ఈ విడిపోవడం చాలాసార్లు తోటలోనే మొదలవుతుంది. కారోబ్ ముదురు కొమ్మల మీద శరదృతువులో పూసి, మరుసటి ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కాయలు పండిస్తుంది. చాక్లెట్ రంగుకు తిరిగి చెట్టు మీదే ఎండిన కాయ బరువులో దాదాపు సగం చక్కెర ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం సుక్రోజే. అంత పొడి కాయలో సూక్ష్మజీవులు బతకలేవు. తొలకరి వాన పడి, రాలిన కాయలు నేల మీద తడిస్తే మాత్రం ఈస్టు చేరి, తన ఇన్వర్టేజ్ ఎంజైముతో సుక్రోజ్‌ను ముక్కలు చేస్తుంది. తరువాత ఎంత నేర్పుగా కాచినా ఆ సుక్రోజ్ తిరిగి రాదు. కాయ రసానికి సహజంగా ఉండే స్వల్ప ఆమ్లత్వం వల్ల సన్నని మంట మీద గంటల తరబడి కాచడం కూడా ఇదే నష్టం చేస్తుంది.

అలాగని పచ్చికాయలను తొందరపడి దులపడం కుదరదు, ఎందుకంటే వాటిలో చక్కెర తక్కువ, నోరు పట్టేసే టానిన్లు ఎక్కువ. కాయ పండే వేళకే కొమ్మల మీద వచ్చే ఏటి పూత కనిపిస్తుంది కనుక పొడవాటి కర్రలతో మోటుగా కొడితే రాబోయే పంట కూడా రాలిపోతుంది. కాయలను చితక్కొట్టి గింజలు తీసి, చన్నీళ్లలో నానబెట్టడం వెనుక కూడా టానిన్ల విషయమే ఉంది. చన్నీటిలో చక్కెర సులువుగా దిగుతుంది, వగరు చాలావరకు పిప్పిలోనే ఉండిపోతుంది.

వేయించిన నువ్వుల్లో దాదాపు సగం నూనె ఉన్నా, సెసమాల్ వంటి పదార్థాల వల్ల అది త్వరగా కనరెక్కదు. అందువల్ల నిల్వలో ముందుగా చెడేది సాధారణంగా పాకమే. తోటల విషయంలో నాకు ఆందోళన కలిగించేది మరొకటి ఉంది. కాయ బరువులో సుమారు పదో వంతే ఉండే గింజల నుంచి ఐస్‌క్రీములకు చిక్కదనమిచ్చే బంక తీస్తారు కాబట్టి గుజ్జు కంటే వాటికే ఎక్కువ ధర పలుకుతుంది. అంటు కట్టేటప్పుడు రైతు గింజ ఎక్కువగా ఉన్న సన్నకాయ రకాన్ని ఎంచుకుంటే లాభం. మిఠాయి చేసేవారికి కావలసినది కండ పట్టిన, తీపి నిండిన కాయ. కారోబ్ కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది గనుక ఇప్పుడు ఏ కొమ్మను అంటు కడితే అప్పటి పస్తేలికి ఆ కాయే దిక్కు.