లైనక్స్‌లో సౌండ్ పర్మిషన్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: రూట్‌కి (అన్ని అధికారాలున్న అడ్మిన్ అకౌంటుకి) సౌండ్ వస్తోంది, మామూలు యూజర్‌కి రావట్లేదు. డ్రైవర్ పోయింది.

వాస్తవం: రూట్‌కి వస్తోందంటే డ్రైవర్ భేషుగ్గా ఉన్నట్టే. సౌండ్ కార్డుల జాబితా చూపే 'ఏప్లే మైనస్ ఎల్' కమాండ్ ఒకసారి మామూలుగా, ఇంకోసారి సుడోతో, అంటే రూట్ అధికారంతో, కొట్టి చూడండి. సుడోతో మాత్రమే కార్డు కనిపిస్తే అది పర్మిషన్ గొడవ. రెండుసార్లూ కనిపించకపోతేనే డ్రైవర్ జోలికి వెళ్లండి.

అపోహ: సౌండ్ పరికరాలకు దారి ఇచ్చే /డెవ్/ఎస్ఎన్‌డి ఫైళ్లకు 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇచ్చేస్తే పీడ వదులుతుంది.

వాస్తవం: రీబూట్ దాకా వదులుతుంది. ఆ ఫైళ్లు డిస్కు మీద ఉండవు. బూటైన ప్రతిసారీ కెర్నల్ కొత్తగా పుట్టిస్తుంది, పరికరాల ఫైళ్లు చూసుకునే యూడెవ్ తన రూల్స్ చూసుకుని ఓనర్ రూట్, గ్రూపు ఆడియో, మోడ్ 660 (ఓనర్‌కీ గ్రూపుకీ తప్ప ఇంకెవరికీ అనుమతి లేదు) అని పెట్టేస్తుంది. పైగా మైకు కూడా అక్కడే ఉంది. 777 ఇస్తే మెషీన్‌లో ఏ అకౌంటైనా మీ మాటలు రికార్డు చేసుకోవచ్చు.

అపోహ: ప్రతి యూజర్‌నీ ఆడియో గ్రూపులో చేర్చాల్సిందే.

వాస్తవం: సిస్టమ్‌డీ (బూటునీ సర్వీసుల్నీ నడిపే ప్రోగ్రాం) ఉన్న డెస్క్‌టాప్‌లో సాధారణంగా అక్కర్లేదు. మెషీన్ ముందు కూర్చుని లాగినైన వాళ్లకి అందులోని లాగిన్‌డీయే ఏసీఎల్ (ఫైలు మీద ఒక్కో యూజర్‌కి విడిగా ఇచ్చే అనుమతి) రాసిస్తుంది. యూజర్ మారగానే అది తీసేసి కొత్తవాళ్లకి ఇస్తుంది. /డెవ్/ఎస్ఎన్‌డి మీద 'ఎల్ఎస్ మైనస్ ఎల్' కొడితే పర్మిషన్ల చివర చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది, చాలామంది కంటికి ఆనదు. ఆ ఫైళ్లనే గెట్‌ఎఫ్ఏసీఎల్‌ కమాండ్‌తో చూస్తే అందులో మీ పేరు, పక్కన ఆర్‌డబ్ల్యూ (చదవడం, రాయడం) ఉండాలి. ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీదుగా) వచ్చినవాళ్లకి సీటు, అంటే మెషీన్ ముందు చోటు, ఉండదు కాబట్టి ఈ ఏసీఎల్ రాదు. వాళ్లకీ, లాగిన్ లేకుండా నడిచే సర్వీసులకీ గ్రూపు కావాలి.

చేర్చేది 'యూజర్‌మాడ్ మైనస్ ఏజీ ఆడియో', ఆపైన యూజర్ పేరు. ఆ 'ఏ' మరిచి ఉత్త 'జీ' కొట్టారో, పాత అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి, సుడో గ్రూపుతో సహా.

అపోహ: గ్రూపులో చేర్చినా పని చేయలేదు.

వాస్తవం: లాగౌటై మళ్లీ రండి, టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు. 'ఐడీ' కమాండ్ పక్కన పేరు రాస్తే కొత్త గ్రూపు కనిపించి మోసపోతారు, అది గ్రూపుల ఫైల్లో ఉన్న సంగతి. ఉత్త 'ఐడీ' కొడితేనే ఇప్పటి సెషన్ సంగతి తెలుస్తుంది.

అపోహ: సౌండ్ రాలేదంటే పర్మిషనే.

వాస్తవం: ముందు టెర్మినల్‌లో వాల్యూమ్ సర్దే ఆల్సామిక్సర్ తెరవండి. మాస్టర్ కింద 'ఎంఎం' అని ఉంటే అది మ్యూట్. ఎం నొక్కండి.