షాపులో విన్న తొప్పి

షాపులో ఆ స్పీకర్లు విన్నప్పుడు మృదంగం ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది. మృదంగానికి ఎడమవైపు ముఖం, అంటే తొప్పి, మీద దెబ్బ పడితే గుమ్మని మోగి ఠక్కున ఆగిపోతోంది. కుడివైపు వేళ్లు విడివిడిగా వినిపిస్తున్నాయి. డబ్బు కట్టి ఇంటికి తెచ్చాను. హాల్లో టీవీకి అటొకటి ఇటొకటి, చెరో మూలా పెట్టి అదే కచేరీ వేశాను. తొప్పి ఒకటే గుయ్‌మంటోంది. ఒక దెబ్బ ఆగేలోపే ఇంకోటి దాని మీద పడుతోంది. పక్క ఫ్లాటు పిల్లాడు గుమ్మంలో నిలబడి "అంకుల్, డీజే పెట్టించారా?" అన్నాడు.

షాపువాణ్ణి రెండు రోజులు తిట్టుకున్నాను. కానీ స్పీకర్లు బాగానే ఉన్నాయి. గుయ్‌మంటున్నది మా హాలు.

మా హాలు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కింద గ్రానైట్, చుట్టూ సిమెంటు గోడలు. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య అటూ ఇటూ కొట్టుకునేటప్పుడు, కొన్ని స్వరాల దగ్గర వెళ్లే శబ్దపు అల, తిరిగొచ్చే అల ఒకదానికొకటి తోడై గదిలో నిలబడిపోతాయి. ఏ స్వరమో కనుక్కోవడం తేలికే. గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దానితో శబ్దవేగాన్ని భాగించాలి. 12 అడుగులంటే 3.66 మీటర్లు, కాబట్టి దాదాపు 47 హెర్ట్జ్, అంటే సెకనుకి 47 ఊపులు. దానికి రెట్టింపు, 94 దగ్గర, మళ్లీ మోగుతుంది. 18 అడుగుల వైపు లెక్క వేస్తే 31, 62, 94. అంటే 94 దగ్గర పొడవూ వెడల్పూ కూడబలుక్కున్నాయన్నమాట. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి, సినిమా పాటల్లో ఈ 94 తరచూ తగులుతూనే ఉంటుంది. తగిలినప్పుడల్లా ఇల్లు కూడా గొంతు కలుపుతుంది. పక్క స్వరానికి వస్తే ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. బిల్డరు వాస్తు చూశాడు గానీ ఈ లెక్క చూసినట్టు లేదు.

ఇంకో జబ్బు కూడా ఉంది. ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే గోడలు తిరిగి ఖంగుమంటాయి కదా, అది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాలుకి ఇదే పట్టుకుంది. అక్కడ మాట్లాడిన మాట ఐదున్నర సెకన్ల దాకా మోగుతూనే ఉండేది, ఉపన్యాసం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సంగతేమిటో చూడమని వాలెస్ సబీన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పజెప్పారు. ఆయన దగ్గరలోని శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మీది పరుపులు రాత్రిళ్లు మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం ఊది, అది ఎంతసేపటికి ఆగుతుందో లెక్క పెట్టాడు. పరుపులు పెరిగేకొద్దీ మోత తొందరగా చచ్చేది. తెల్లారేలోపు పరుపులన్నీ మళ్లీ వెనక్కి. గది ఎంత పెద్దది, అందులో శబ్దాన్ని పీల్చే సరుకెంత అనే రెండింటితో ఆయన కట్టిన సూత్రాన్నే ఇవాళ్టికీ వాడుతున్నారు.

అది చదివి నేనూ పరుపు పరిచాను, కర్టెన్లు కట్టాను. ఖంగు తగ్గింది, గుయ్ తగ్గలేదు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది. 10,000 హెర్ట్జ్ శబ్దం అల పొడవు మూడున్నర సెంటీమీటర్లు, దాన్ని కర్టెన్ మింగేస్తుంది. 47 హెర్ట్జ్ అల ఏడు మీటర్ల పైచిలుకు. అంత అలకి కర్టెన్ ఒక లెక్కా? (గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించేవాళ్లకి కూడా ఇదే మాట.) బేస్‌కి, అంటే ఈ అడుగు స్వరాలకి, ఇంట్లో మనం చేయగల మొదటి మందు, చోటు మార్చడం. స్పీకర్‌ని మూలలో పెడితే గోడలు బేస్‌ని ఇంకా ఎగదోస్తాయి. వినేవాడు వెనక గోడకి ఆనుకుని కూర్చున్నా అంతే, ఎందుకంటే ఆ నిలిచిన అలల ఒత్తిడి గోడ దగ్గరే ఎక్కువ. మన హాళ్లలో స్పీకరేమో మూలన, సోఫా ఏమో గోడకి!

చోటు వెతకడానికి ఒక తమాషా పద్ధతి ఉంది. స్పీకర్‌ని మనం కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, స్పీకర్ పెట్టే వీలున్న చోట్లన్నీ నేల మీద పాకుతూ వినాలి. స్వరాలన్నీ సమంగా వినపడిన చోటికి స్పీకర్‌ని మార్చాలి. నేను మోకాళ్ల మీద పాకుతుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏం పోయిందిరా?" అని తనూ వెతకడం మొదలుపెట్టింది. నాకు దొరికిన చోటు మూలకి మూడడుగులు ఇవతల. సోఫా రెండడుగులు ముందుకి జరిపాను. రెండు స్పీకర్లూ, నా తలా కలిసి సమబాహు త్రిభుజం. పై చిన్న కోన్లు చెవి ఎత్తుకి. తొప్పి మళ్లీ తొప్పిలా మోగింది.

ఇక షాపులో చూడాల్సింది. డబ్బా మీద "2000 వాట్స్ పీఎంపీఓ" అని (క్షణకాలపు మోతని లెక్కేసి చూపే ప్రచారపు అంకె అది) ఉంటే వెనక్కి తిప్పి కరెంటు వివరాలు చూడండి. 230 వోల్టులు, 60 వాట్లు అని ఉంటుంది. మోపెడు గడ్డి తిని ట్యాంకరు పాలిచ్చే గేదె ఉంటుందా? ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగల వాట్లు, చూడాలి. అంతకన్నా ముందు సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకి ఎంత మోగుతుందో, చూడాలి. దాన్ని మోతకి కొలత అయిన డెసిబెల్స్‌లో రాస్తారు. 86 డెసిబెల్స్ అంటే, ఒక వాటుకి మీటరు దూరంలో వచ్చే మోత. 89 రాసున్న స్పీకర్ అదే మోతని సగం వాట్లకే ఇస్తుంది. ఇంట్లో మామూలుగా వినేందుకు చాలాసార్లు ఒక వాటు కూడా ఖర్చు కాదు.

రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టించండి. కాస్త ఎక్కువ మోగిందే బాగున్నట్టు చెవి మోసపోతుంది. అదీగాక, మోత తగ్గేకొద్దీ మన చెవికి బేస్ ముందు మాయమవుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు. షాపులో హోరుగా విన్నది రాత్రి ఇంట్లో మెల్లగా పెడితే పీలగా ఉండేది అందుకే. నేనైతే ఇంట్లో ఎంత మోత పెడతానో అక్కడా అంతే పెట్టమంటాను. సేల్స్ కుర్రాడు విసుక్కున్నా సరే.

1980లలో కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ అనే పరిశోధకుడు స్పీకర్లకి తెర అడ్డం కట్టి జనానికి వినిపించాడు. పేరూ ధరా కనపడకపోయేసరికి ఎక్కువమంది మెచ్చినవి ఒకే రకానివని తేలింది. ఎదురుగా ఏ స్వరాన్నీ పెంచకుండా తగ్గించకుండా ఇచ్చేవి, పక్కలకి వెళ్లే శబ్దంలోనూ ఎగుడుదిగుళ్లు లేనివి. పక్కలకి వెళ్లింది కూడా గోడని తాకి మన చెవికే వస్తుంది కదా. అందుకే షాపులో ఎదురుగా విన్నాక, లేచి పక్కకి నడిచి కూడా వింటాను. గొంతు రంగు అక్కడ మారిపోతే ఆ స్పీకర్ వద్దు.

వైర్ల గురించి ఒక్క ముక్క. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదు మీటర్లకి, పోనూ రానూ కలిపి, నిరోధం 0.08 ఓమ్ కూడా ఉండదు. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది లెక్కలోకి రాదు. మిగిలిన డబ్బు స్పీకర్లలో పెట్టండి.

మా ఇంట్లో సోఫా మాత్రం చుట్టాలొస్తే మళ్లీ గోడకి వెళ్తుంది. "హాలు నడిమధ్య సోఫా ఏమిట్రా, నలుగురూ నవ్విపోతారు" అంటుంది అమ్మ. వాళ్లున్న నాలుగు రోజులూ నేను వీణ కచేరీలే వింటాను, అదీ మృదంగం లేనివి.