టాప్ ఉరుస్తోందా? కోటింగ్ డబ్బా కొనేముందు ఇది చదవండి

విజయవాడ ఆటోనగర్‌లో నాది వ్యాన్ బాడీ పని. జనం ట్రావెలర్ లాంటి బండ్లను క్యాంపర్లుగా, అంటే లోపలే పడుకుంటూ తిరిగే బండ్లుగా, మార్చుకోవడం మొదలయ్యాక, తొలకరి పడిందంటే చాలు, “టాప్ ఉరుస్తోందండీ, మంచి కోటింగ్ ఏదైనా చెప్పండి” అని ఫోన్లు వస్తుంటాయి. తుప్పు తినని రేకు ఉరవదు. దానికి మనం పెట్టిన బొక్కలు ఉరుస్తాయి. ఏసీకి, వెంట్ ఫ్యాన్‌కి, సోలార్ ప్యానెల్ బోల్టులకి, క్యారియర్‌కి పెట్టినవన్నీ బొక్కలే. వాటి సంగతి తేల్చకుండా పైన ఎంత ఖరీదైనది పూసినా దండగే.

అపోహ: నీళ్లు పడేచోటికి సరిగ్గా పైనే బొక్క ఉంటుంది

పోయిన వానాకాలం అరకు వెళ్లొచ్చిన బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. నీళ్లు పడేది మధ్యలో, మంచం మీద. పైనున్న వెంట్ ఫ్యానే కారణమని అంతకుముందే ఎవరో దాని చుట్టూ దిట్టంగా సిలికాన్ పూశారు. సీలింగ్ ప్లై విప్పి చూస్తే వెంట్ దగ్గర చెమ్మే లేదు. రేకుకు ఊతమిచ్చే ఇనుప రిబ్ పక్కనుంచి మాత్రం టీ మరకలాంటి చార ఒకటి ముందుకు పోతోంది. వేలు పెట్టి దాని వెంటే వెళ్తే, ముందువైపు మార్కర్ లైటు స్క్రూ దగ్గర ఆగింది. స్క్రూ కింద రబ్బరు వాషరు ఎండి, చిటికెతో నలిపితే పొడైపోయింది.

నీళ్లు రేకుకీ సీలింగ్‌కీ మధ్య దారి వెతుక్కుంటాయి. ఘాట్ ఎక్కేటప్పుడు వెనక్కి, దిగేటప్పుడు, బ్రేకు వేసినప్పుడు ముందుకు పారతాయి. “ఒక్కోసారి ఒక్కోచోట పడుతోంది” అనేది అందుకే.

నేను పట్టే పద్ధతి ఇది. కిటికీలు, వెంట్లు మూసి, సందులకు టేపు వేసి, ఒక కిటికీలోంచి బ్లోయరు పెట్టి లోపలికి గాలి కొడతాను. తర్వాత టాప్ మీద బ్రష్షుతో సబ్బునీళ్లు పూస్తాను. బొక్క ఉన్నచోట బుడగలు లేస్తాయి. బ్లోయరు లేకపోతే పైపుతో నీళ్లు పట్టండి. కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లాలి, లోపల ఒకరు టార్చితో చూస్తూ ఉండాలి. పైనుంచి మొదలుపెడితే అన్నీ తడిసిపోయి ఏదీ తేలదు.

వానే లేనిరోజు పొద్దున్నే చుక్కలు పడుతుంటే అది ఉరుపు కాకపోవచ్చు. రాత్రంతా మూసిన బండిలో మన ఊపిరి తేమ చల్లటి రేకుకు పట్టి కారుతుంది. వెంట్ కాస్త తెరిచి పడుకుంటే తగ్గుతుంది.

అపోహ: సందు ఎక్కడున్నా సిలికాన్ పూస్తే చాలు

నాకు ఎక్కువ పని పెట్టేది ఇదే. హార్డ్‌వేర్ షాపులో దొరికే చవక సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన ఎసిటిక్ యాసిడ్‌ది. పెయింట్ లేని ఇనుముకీ అల్యూమినియానికీ అది పడదు, తుప్పు మొదలుపెడుతుంది. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి: ఆరిన సిలికాన్ మీద ఏదీ సరిగ్గా అంటదు. పాతబడి మురికి పట్టినదాని మీద కొత్త సిలికాన్ కూడా సరిగ్గా అంటదు. ఆనవాలు మిగిలినా పైన వేసిన పెయింట్ చేపకళ్లలా గుంటలు పడుతుంది. ఆ అరకు బండి వెంట్ చుట్టూ ఉన్నది గీకి తీయడానికి మాకు ఒక పూట పట్టింది.

వెంటో లైటో బిగించేటప్పుడు దాని అంచు కింద బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు పట్టీ) పెట్టండి. అది ఏళ్లపాటు మెత్తగానే ఉంటుంది. స్క్రూలు అన్నివైపులా సమానంగా బిగించి, ఒకరోజు ఎండలో ఉంచి మళ్లీ బిగించాలి. పిండినట్టు బయటికొచ్చినదాన్ని కోసేసి, అంచు చుట్టూ ఎంఎస్ పాలిమర్ సీలెంట్ (ఆరాక రబ్బరులా సాగే రకం) వేస్తే సరి. పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ పట్టు కూడా గట్టిదే, కానీ నేరుగా ఎండ తగిలితే పసుపెక్కి పైపొర పగులుతుంది. వేస్తే పైన పెయింట్ తప్పనిసరి.

అపోహ: రాయిలా గట్టిపడేదైతేనే నిలుస్తుంది

రాత్రి 25 డిగ్రీలున్న టాప్ మధ్యాహ్నం 65కి చేరిందనుకోండి. 5 మీటర్ల ఇనుప రేకు దాదాపు 2.4 మి.మీ. సాగుతుంది, అల్యూమినియం అయితే సుమారు 4.6 మి.మీ. రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. దానికితోడు రోడ్డు కుదుపులు. ఎపాక్సీ పుట్టీ సాగదు కాబట్టి అంచున వెంట్రుకంత చీలిక ఇస్తుంది, ఆ చీలిక చాలు. అతుకులో ఉండాల్సింది రబ్బరులా సాగే గుణం.

అపోహ: డాబాకి వేసేదే బండికీ సరిపోతుంది

డాబా మీద వేసే తెల్ల అక్రిలిక్ కోటింగ్ చెడ్డదేం కాదు, ఎండను తిప్పికొట్టి లోపల వేడి తగ్గిస్తుంది. అయితే సిమెంటు గరుకుగా ఉండి దాన్ని పట్టుకుంటుంది, నున్నటి పెయింటు రేకు పట్టుకోదు. పైగా రెండు రిబ్బుల మధ్య రోజుల తరబడి నీళ్లు నిలిస్తే అక్రిలిక్ మెత్తబడి పొరలా లేస్తుంది. నీళ్లు నిలిచే టాప్‌కి సిలికాన్ కోటింగ్ తట్టుకుంటుంది కానీ, జీవితాంతం దానిమీద సిలికానే వేయాలి, తడిస్తే జారుతుంది కూడా.

ఇనుప టాప్‌కి నేను వేసేది ఎపాక్సీ ప్రైమరు, దానిమీద రెండు డబ్బాలు కలిపే అలిఫాటిక్ పీయూ పెయింట్ (ఎండకు పసుపెక్కని రకం), తెలుపు రంగులో. దీని హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. స్ప్రే చేసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు, సరైన మాస్కు లేకుండా దయచేసి ముట్టుకోకండి. ఊపిరితిత్తులకు ఉబ్బసం తెచ్చిపెట్టే సరుకు అది.

డాంబర్ మాత్రం వద్దు. ఎండకు కరుగుతుంది, నల్లగా ఉండి లోపల కొలిమి చేస్తుంది. అమెరికాలో ఆర్‌వీ (ఇల్లులాంటి ప్రయాణపు బండి) ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్త: టాప్ ఈపీడీఎం అనే రబ్బరుదైతే డాంబరూ, పెట్రోలు జాతి క్లీనర్లూ దాన్ని ఉబ్బిస్తాయి.

అపోహ: తుప్పు మీద పూసేస్తే అక్కడితో ఆగిపోతుంది

ఆగదు, కింద తింటూనే ఉంటుంది. మెరిసే రేకు కనబడేదాకా గీకి, అదేరోజు ప్రైమరు వేయాలి. చిల్లు పడి ఉంటే ముక్క వెల్డింగ్ చేయాలి.

ఇక లోపలి ప్లై. పైన బొక్క మూశాం కదా అని సీలింగ్ వెంటనే బిగించేస్తారు. తడి లోపలే ఉండిపోయి ప్లై పొరలు విడిపోతాయి, ముక్కిపోయిన వాసన మొదలవుతుంది. అరకు బండి సీలింగ్ విప్పి పెట్టి, ఫ్యాన్ తిప్పుతూ వారం ఉంచాం. వాళ్లకి తొందరగానే ఉంది పాపం, పిల్లల సెలవులు అయిపోతున్నాయి. అయినా ప్లై అంచు గోరుతో నొక్కితే మెత్తగా దిగినన్ని రోజులూ నేను బండి ఇవ్వలేదు.